జనవరి పొగమంచు

మా ఫొటోగ్రాఫర్ మిత్రుడికి మనుషులంటే గిట్టదని కాదు. పెళ్లిళ్లు తీసే బతికాడు. ఏళ్ల తరబడి తలంబ్రాలూ అప్పగింతలూ, బఫే దగ్గర పళ్లెం పట్టుకుని నోరు తెరిచిన బంధువులూ తీసి తీసి, కెమెరాలో మనిషి తల కనిపిస్తే చాలు చిరాకు పడే దశకొచ్చాడు. ఒకరోజు ప్రకటించేశాడు, ఇక తను తీసేది ప్రకృతినేనని. "చెట్టు కళ్లు మూయదు. కెరటం వచ్చి 'మా మేనత్త ఇందులో పడలేదేంటి' అని అడగదు" అన్నాడు.

కాకినాడలో ఉన్నవాడికి ప్రకృతి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఎదురుగానే హోప్ ఐలాండ్ ఉంది. చాలామంది అదేదో ఆదికాలం నాటి దీవి అనుకుంటారు గానీ, దాని వయసు దాదాపు రెండు వందల ఏళ్లే. గోదావరి మోసుకొచ్చిన ఇసుకను సముద్రం అటూ ఇటూ తోసి, పొడుగ్గా సన్నగా పేర్చిన దిబ్బ అది. అప్పటి నుంచి ఉత్తరం వైపు సాగుతూనే ఉంది. అటు పక్క బంగాళాఖాతం, ఇటు పక్క కాకినాడ అఖాతం, దక్షిణాన కోరింగ మడ అడవి. తుఫాను వచ్చినప్పుడు కెరటాల మొదటి దెబ్బ అదే కాస్తుంది కాబట్టే లోపల ఓడరేవు అంత నిమ్మళంగా ఉంటుంది. ఆ అండ లేని ఉప్పాడను, దానికి కాస్త ఉత్తరాన, సముద్రం ఏటేటా కోసుకుపోతూనే ఉంది.

ఒక ప్రైవేటు సంస్థ వారు మావాడిని పిలిచి, వచ్చే ఏడాదికి క్యాలెండరు కావాలన్నారు. పన్నెండు నెలలు, పన్నెండు బొమ్మలు, అన్నీ ఒకే దీవి, వీలైతే ఒకే చోటు నుంచి. నెల మారితే తీరం ఎలా మారుతుందో చూపించాలి. షరతు ఒకటే. "అంతా సహజంగా ఉండాలండి. మనిషి చెయ్యి పడనట్టు."

అలా మావాడు జగన్నాథపురం వంతెన దగ్గరి రేవులో ఒక సరంగును కుదుర్చుకున్నాడు. అరవై దాటిన మనిషి. కాపురం దీవి మీదే. ఆయన పాక ఒకటి, చుట్టూ అన్నదమ్ముల పాకలు మరి కొన్ని. సరుగుడు గుంజలు, తాటాకు కప్పు, దాని మీద ఎగిరిపోకుండా నీలం రంగు బరకం, బరకం మీద పాత వల, వల అంచుకు బరువుగా ఇటుకలు.

చిక్కల్లా ఆ పాకతోనే వచ్చింది.

మావాడు దీవి అంతా తిరిగి తిరిగి, బొమ్మకు సరిపోయే చోటు ఒక్కటి పట్టుకున్నాడు. తీరం అక్కడ కొడవలిలా వంగుతుంది. ఎడమవైపు సరుగుడు తోపు, కుడివైపు సముద్రం, మధ్యలో ఎత్తుగా ఇసుక మెరక, మెరక మీద రావణాసురుడి మీసాల గడ్డి. ఏ నెలలో చూసినా సూర్యుడు ఆ వంపులోనే ఎక్కడో అక్కడ లేస్తాడు. తీరా చూస్తే ఆ మెరక మీదే సరంగు పాక. ఇదేం ఖర్మ అని మావాడి ఏడుపు. నాకేమో అందులో వింత కనిపించలేదు. పోటు నీరు ఎక్కని ఎత్తు, గాలికి అడ్డుగా తోపు, పక్కనే తవ్వితే తియ్యటి నీళ్లు పడే చెలమ. ఫొటోకు మంచి చోటేదో మావాడికి వారంలో తెలిసింది. కాపురానికి మంచి చోటేదో సరంగు తాతకి ఎప్పుడో తెలిసింది. రెండూ ఒకటే చోటు కావడంలో తప్పెవరిదీ లేదు.

"తాతా, ఆ నీలం బరకం నా ఫ్రేమును చంపేస్తోంది. ఒక్క పూట తీసేయకూడదూ?"

"తీసేస్తే మంచు కారుద్దండి బాబుగారూ. మనవరాలికి జలుబు. అయినా తమరు అడిగారు గాబట్టి తీత్తాను."

తీశాడు కూడా. తీస్తే కింద పాత సిమెంటు బస్తాలు బయటపడ్డాయి. అవి ఇంకా అన్యాయంగా ఉన్నాయని మళ్లీ కప్పించాడు మావాడు.

అప్పుడప్పుడూ నేనూ వెంట వెళ్లేవాణ్ణి. తెల్లవారుజామున బయల్దేరాలి. మన గడియారాలన్నింటికీ లెక్క చెప్పే 82.5 డిగ్రీల తూర్పు రేఖ కాకినాడ పక్క నుంచే పోతుంది గనక, ఇక్కడ గడియారానికీ సూర్యుడికీ పెద్ద పేచీ ఉండదు. సంక్రాంతి రోజుల్లో ఆరున్నరకు, జూన్‌లో ఐదున్నర లోపే పొద్దు పొడుస్తుంది. అయితే లేచే చోటే మారిపోతుంది. డిసెంబరులో ఆగ్నేయం వైపు జరిగి, జూన్‌లో ఈశాన్యం వైపు జరిగి లేస్తాడు. సరిగ్గా తూర్పు నుంచి అటు ఇరవై నాలుగు, ఇటు ఇరవై నాలుగు డిగ్రీల పైచిలుకు. మావాడు ఇదంతా ఫోను యాప్‌లో చూసి లెక్కలు కట్టేవాడు. సరంగు ఒడ్డున నిలబడి, "ఇయ్యాల ఆ రెండో సరుగుడు కొమ్మ పక్కన వత్తాడండి" అనేవాడు. అక్కడే వచ్చేవాడు.

ఆటుపోట్ల సంగతీ అంతే. అమావాస్యకూ పున్నమికీ పోటు జాస్తి, పాటు కూడా జాస్తి. అష్టమి పూట నీళ్లు మందకొడిగా ఉంటాయి. పాటు బాగా తీసినప్పుడు తడి ఇసుక మీద ఆకాశం మొత్తం దిగి పడుకుంటుంది. మావాడికి కావలసింది అదే. కానీ అదే పాటులో అఖాతం వైపు బురద బయటపడి పడవ ఇరుక్కుంటుంది. సరంగు మొలలోతు నీళ్లలో దిగి తోసేవాడు. కెమెరా సంచి మాత్రం నెత్తిన పెట్టుకునేవాడు, తడవకూడదని.

ఫిబ్రవరి, మార్చి నెలలు తాబేళ్లవి. ఆలివ్ రిడ్లేలు రాత్రిపూట ఒడ్డెక్కి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి గుడ్లు పెట్టి, ఇసుక కప్పేసి, వెనక్కి చూడకుండా పోతాయి. దీవి కోరింగ అభయారణ్యంలో భాగం గనక అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లు ఏరి కంచె వేసిన చోట పూడుస్తారు. యాభై రోజుల అటూ ఇటూగా పిల్లలు బయటికొస్తాయి. వెలుతురు ఎటుంటే అటు పరుగెడతాయి కాబట్టి ఫ్లాష్ వాడకూడదు. ఈ నియమాన్ని మావాడు నిష్ఠగా పాటించాడు. తాబేలు విషయంలో మావాడంత సున్నితమైన మనిషి లేడు. ఒకసారి సరంగు మనవరాలు టార్చిలైటు వేస్తే గట్టిగా కసిరాడు కూడా.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవల వేటకు సెలవు. అవన్నీ రేవులో కట్టేసి ఉంటాయి. సముద్రం ఖాళీ. మావాడికి పండగ. సరంగు ఇంటి ముందు మగాళ్లంతా కూర్చుని వలలకు ముడులు వేసుకుంటుంటే, "కాస్త అటు జరగండయ్యా, అటు తోపులోకి" అనేవాడు. వాళ్లు వల ఎత్తుకుని తోపులోకి జరిగేవారు. పొద్దు ఎక్కాక మళ్లీ ఇటు జరిగేవారు. ఎవరూ విసుక్కోలేదు.

జూన్‌లో మబ్బులు. జులై, ఆగస్టుల్లో అసలు సంబరం. ఎగువన వానలు పడి గోదావరి పోటెత్తితే సముద్రం రంగే మారిపోతుంది. ఎర్ర నీళ్లు మైళ్ల కొద్దీ పోయి, ఎక్కడో నీలం నీళ్లతో గీత గీసినట్టు కలుస్తాయి. ఒడ్డుకు గుర్రపు డెక్క, దుంగలు, కొబ్బరి డొక్కలు, ఎవరిదో తెగిన చెప్పు కొట్టుకొస్తాయి. మావాడు దుంగ ఉంచి చెప్పు తీయించాడు. దుంగ సహజం, చెప్పు అసహజం. ఆ దుంగను సరంగు భార్య పొయ్యిలోకి లాక్కెళ్లబోతే అడ్డుపడి, ఫొటో అయ్యేదాకా ఉండమన్నాడు. ఆవిడ అలాగే ఉంది, రెండు రోజులు.

ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. ఉప్పు నీళ్లలో నిలబెట్టిన ట్రైపాడ్ కాళ్లను మంచినీళ్లతో కడక్కపోతే మరలు పట్టేస్తాయి. దీవి మీద మంచినీళ్లంటే ఆ చెలమే. ఎండాకాలం అందులో నీళ్లు ఊరడానికి గంట పడుతుంది. కొబ్బరి చిప్పతో కాస్త కాస్తగా తోడి బిందె నింపుకుంటారు. ఆ బిందెలోంచి ముంచి ఆవిడ ట్రైపాడ్ మీద పోసేది. మావాడు మూడు కాళ్లూ విప్పి, మరల్లో ఇరుక్కున్న ఇసుకను పాత టూత్‌బ్రష్‌తో తోమేవాడు. "చాలమ్మా" అనేవరకూ ఆవిడ పోస్తూనే ఉండేది.

ఫొటోలు తీయడం సగం పనే. మిగతా సగం స్టూడియోలో కంప్యూటర్ ముందు. జనవరి బొమ్మ తయారవుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. తెర మీద కొడవలి వంపు, ఆగ్నేయాన ఎర్రగా పొద్దు, మెరక మీద పాక. మావాడు మౌసు తిప్పుతూ పక్కనున్న ఇసుకను కొంచెం కొంచెం తెచ్చి పాక మీద పరిచాడు. ముందు నీలం బరకం పోయింది. తర్వాత గుంజలు. తర్వాత గుమ్మంలో కూర్చున్న కుక్క. దండెం మీద ఆరేసిన చీర పోయిన చోట రెండు సరుగుడు కొమ్మలు మొలిచాయి. చివరికి ఒక్కటే మిగిలింది, పాక వెనక నుంచి లేచి తోపు మీదుగా సాగిన పొయ్యి పొగ. దాని మీదికి బాణం గుర్తు తీసుకెళ్లి ఆగాడు. తల కొంచెం పక్కకు వంచి చూశాడు.

"దీన్ని ఉంచేద్దాం. మంచులా భలే ఉంది" అన్నాడు.

కింద శీర్షిక కూడా అప్పుడే పెట్టాడు: 'జనవరి పొగమంచు'.

ఇలా చేయొచ్చా అని అడిగాను. మావాడి దగ్గర జవాబులకు కొదవ లేదు. "1982లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్లు ముఖచిత్రం మీద పట్టాలని గిజా పిరమిడ్లనే దగ్గరికి జరిపారు. అన్ని వేల ఏళ్ల పిరమిడ్ జరగ్గా లేంది, తాటాకు పాక జరిగితే తప్పొచ్చిందా?" ఆ పత్రిక వాళ్లు ఆ పని చేసి ఎంత చెడ్డపేరు తెచ్చుకున్నారో చెప్పబోయాను. వినలేదు.

ఇంకో అలవాటు కూడా ఉండేది. బొమ్మ తయారైన వెంటనే అసలు ఫైళ్లు చెరిపేసేవాడు. చోటు చాలదనేది ఒక కారణం. చేసిన మార్పులు ఎవరి కంటా పడకూడదనేది రెండోది, అది పైకి అనేవాడు కాదు. "వంట అయ్యాక తొక్కలు దాచుకుంటామా?" అనేవాడు.

క్యాలెండరు అద్భుతంగా వచ్చింది. అందులో అబద్ధం లేదు. దళసరి కాగితం, తెల్లటి అంచు, అట్ట మీద 'అడుగు పడని ఇసుక' అని పేరు. సంస్థ వారు ఊళ్లోని ఆఫీసులన్నింటికీ పంచారు. సరంగుకూ ఒకటి ఇచ్చాడు మావాడు. ఆయన చేతులు తుడుచుకుని అందుకుని, ఒక్కో నెలా తిప్పాడు. డిసెంబరు దాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు.

"మా ఇల్లు పడలేదేటండీ?"

"ఫ్రేములోకి రాలేదు తాతా."

"అవునా అండి. ఏడాదంతా మా ఇంటి ముందే నిలబడ్డారు గదా, పడుద్దనుకున్నాను." అని నవ్వేశాడు. క్యాలెండరు చుట్టి, తడవకుండా చొక్కా లోపల పెట్టుకుని పడవెక్కాడు.

ఆ ఏడాది నవంబరులో వాయుగుండం పట్టింది. ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేశారు. దీవి మీది వాళ్లను ముందురోజే ఒడ్డుకు చేర్చారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. తిరిగి వెళ్లి చూస్తే మెరకే లేదు. కెరటాలు నిలువెత్తున ఇసుకను కోసుకుపోయాయి. పాకలు లేవు, గుంజలు లేవు, చెలమ ఉప్పునీటితో పూడిపోయింది. తోపులో సగం చెట్లు వేళ్లు పైకి పెట్టుకుని పడి ఉన్నాయి.

నష్టపరిహారం జాబితా రాస్తున్నారంటే సరంగు ఒడ్డున ఒక ఆఫీసుకు వెళ్లాడు. అక్కడి ఆయన చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించి కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు. రేషను కార్డు చూశాడు, ఆధారు చూశాడు. రెండింటి మీదా ఒడ్డునున్న ఊరి పేరే ఉంది. ఓటు అక్కడ, కార్డు అక్కడ, కాపురం ఇక్కడ. దీవి మీద చాలామందికి అంతే.

"ఇల్లు కూలిందంటే, ముందు ఇల్లు ఉందని నేను రాయాలి కదా పెద్దాయనా. పన్ను రసీదు లేదు, కరెంటు బిల్లు లేదు. పోనీ, ఇల్లున్నట్టు ఫొటో ఏదైనా ఉందా?"

సరంగు ముఖం వెలిగిపోయింది.

"ఫొటోనా అండి! ఏడాది పొడుగునా తీశారండి, ఇంత పెద్ద కెమెరాతోటి. అదుగో, తమరి గోడ మీదే ఉంది!"

ఆఫీసరు వెనక్కి తిరిగాడు. గోడ మీద క్యాలెండరు, నవంబరు పేజీ. మెరక, గడ్డి, సముద్రం. ఆయన లేచి మేకు నుంచి తీసి బల్ల మీద పెట్టాడు. నిజంగానే ఓపికగా తిప్పాడు. అక్టోబరు, సెప్టెంబరు, ఆగస్టు. ఎర్ర నీళ్లు, దుంగ. మే, ఏప్రిల్. ఖాళీ ఒడ్డు. తిప్పుతున్న కొద్దీ సరంగుకు అప్పుడు గుర్తొచ్చింది, ఇల్లు పడలేదని. అయినా చివరి పేజీ దాకా ఆగాడు. జనవరి రాగానే వేలు పెట్టి చూపించాడు.

"ఇదుగోనండి. ఈ పొగ మా పొయ్యిదండి. పొద్దున్నే మా ఆడది గంజి కాసేటప్పటిది. పొగుందంటే పొయ్యి ఉన్నట్టే గదండీ, పొయ్యి ఉందంటే ఇల్లున్నట్టే గదా!"

ఆఫీసరు కళ్లజోడు సర్దుకుని బొమ్మ కింద చూశాడు. చదివి వినిపించాడు.

"'జనవరి పొగమంచు' అని అచ్చేసి ఉంది కదయ్యా. తీసినాయనే రాసుకున్నాడు. మంచుకు పరిహారం ఎలా ఇమ్మంటావు? పైగా పేరు చూడు, 'అడుగు పడని ఇసుక'. రేపు పైవాళ్లు దీన్నే చూపించి నన్నడిగితే ఏం చెప్పను?"

సరంగు అక్కడి నుంచి నేరుగా స్టూడియోకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. జరిగిందంతా చెప్పాడు. మావాడి మీద కోపమేమీ లేదు ఆయన మాటల్లో.

"పుత్తకంలో ఏసింది మారదు గదండీ, అది అడగను. దానికి ముందర తీసినయ్యి ఉంటాయి గదా, మా ఇల్లు పడ్డయ్యి. అందులోది ఒక్కటి కడిగియ్యండి బాబుగారూ. డబ్బులిచ్చుకుంటాను. సాయంత్రంలోగా తెత్తే రాత్తానన్నారు."

మావాడు కంప్యూటర్ వైపు తిరిగాడు. లేదని తెలిసి కూడా చాలాసేపు వెతికాడు. పన్నెండు నెలలకు పన్నెండు ఫోల్డర్లున్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కటే ఫైలు.

జాబితా ఆ సాయంత్రమే పైకి వెళ్లింది. దీవి పేరుకు ఎదురుగా, దెబ్బతిన్న ఇళ్ల గడిలో సున్నా వేశారు.